ప్రమోషన్ కాజాలు

రొయ్యల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసే మంగవేణి కాజాల పొట్లంతో ఇంటికొచ్చింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు అది చూసి, "ప్రమోషనా? ఎవడి మీద పెట్టావే కంప్లయింటు?" అంది.

ఫిర్యాదు చేసినవాళ్ల మీద కంపెనీ కక్ష సాధిస్తోందన్న అనుమానమే రాకూడదని, వేధింపుల ఫిర్యాదు అందిన గంటలోపే ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఏఐ మిషను మేనేజరుగా ప్రమోషన్ ఇచ్చేస్తోంది, ఏ కంపెనీలోనైనా. అందుకే ఈ రోజుల్లో ప్రమోషన్ వస్తే ఎవరూ అభినందించరు.

"సూపర్‌వైజర్ సుధీర్ మీద, అత్తయ్యా. గ్లౌజులు సరిచేస్తానంటూ రోజూ చెయ్యి పట్టుకుంటున్నాడు."

"మంచి పని చేశావు. ఇంక వాడి మొహం చూడక్కర్లేదుగా!"

"రేపట్నుంచి ఇద్దరం మేనేజర్లం, ఒకటే గది. నా ఫిర్యాదే తనకి వేధింపని వాడూ కంప్లయింటు పెట్టాడు."

అత్తగారు చిక్కుడుకాయలు పక్కకి నెట్టేసి కోడలి ఫోను లాక్కుంది. "ఏవయ్యా మిషనూ, ముందు ఆ సచ్చినోణ్ణి పీకెయ్!"

ఫోను ఎంతో మర్యాదగా జవాబిచ్చింది. "క్షమించండమ్మా. ఆయన కూడా ఫిర్యాదుదారే. తీసేస్తే కక్ష సాధించినట్టు కనిపిస్తుంది."

"కనిపించనీ!" అంది అత్తగారు చెప్పులు వేసుకుంటూ. "మంగా, వాడి ఇల్లెక్కడే?"