మామగారు నమ్మిన వీడియో

ఆసుపత్రిలో చేర్చినా మామగారికి బీపీ ఇంకా దిగలేదు. ఆయన మాత్రలు మానేశారని తెలిసి కోడలికి ఒళ్లు మండిపోయింది. ఫోన్లలో తిరిగే తప్పుడు వైద్యాన్ని పెద్దవాళ్లు ఎందుకు నమ్ముతారన్నదే యూనివర్సిటీలో ఆమె చేస్తున్న పరిశోధన.

“ఎవడో ఏదో వాగితే మాత్రలు మానేస్తారా మామయ్యా? ఇంట్లో నేను మొత్తుకునేది మీ చెవికెక్కదా?”

“ఎవడో కాదమ్మా. నీ మాటే విన్నాను,” అంటూ ఆయన ఫోన్ చూపించారు.

వీడియోలో ఉన్నది ఆమే. ఏదో సదస్సులో మాట్లాడుతోంది. “బీపీ మాత్రలు కిడ్నీలను తినేస్తాయి. ఇవాళే మానేయండి.”

నిజానికి సదస్సులో ఆ వెంటనే “ఇలాంటి అబద్ధాలే జనం నమ్ముతున్నారు” అని కూడా ఆమె చెప్పింది. ఆ ముక్కను ఎవరో కత్తిరించేశారు.



“మా కోడలేనని రాసి మన చుట్టాలందరికీ పంపాను,” అన్నారు మామగారు, కాస్త గర్వంగా.