దొరకు ఆపరేషన్

"కుక్కకు ఆపరేషన్ అయితే మనిషికి లీవేందిరా?"

సంగమ్మ చేతిసంచి కూడా దించకుండా వాకిట్లోనే కొడుకును నిలదీసింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి ముడుపు కట్టి, చెల్లెలింట్లో రాత్రి పడుకుని, అప్పుడే పటేల్‌గూడలో ఆటో దిగింది. చూస్తే, పగిలిన బకెట్ కోసి మెడకు కట్టిన బుట్టతో కుక్క అరుగు మీద ఉంది. లుంగీలో కొడుకు మంచం మీద ఉన్నాడు.

"సోమవారం దాకా పెట్టిన," అన్నాడు సునీల్‌కుమార్. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే కంపెనీలో అతనికి పని. "కుట్లు నాకితే చీము పడతదట. ఎవరన్న కావలుండాలె."

"మీ నాయిన పోయినప్పుడు సుత ఇన్ని దినాలు పెట్టలే గదరా!"

కుక్క పేరు దొర. ఆ పేరు పెట్టింది సంగమ్మ భర్త పెంటయ్య. బతుకంతా దొరల పొలంలో నడుం వంచిన మనిషి, ముసలితనంలో ఒక కుక్కపిల్లను తెచ్చుకుని "దొరా, ఇట్ల రా! దొరా, కూసో! దొరా, మూసుకో!" అని పొద్దస్తమానం ఆజ్ఞలిచ్చి, తృప్తిగా కన్నుమూశాడు. ఆయన పోయాక కుక్కకు అడ్డూ అదుపూ లేదు. కాలనీలో ఏ కుక్క ఈనినా పిల్లల్లో ఒకటైనా దొర పోలికతోనే పుట్టేది. పక్కింటి రాధమ్మ రెండుసార్లు పోట్లాటకొచ్చింది. అందుకే ఆపరేషన్ అంటే ఎవరూ వింతపడలేదు.

సునంద వంటింట్లోంచి వచ్చి, తువ్వాలులో చుట్టిన ఐసుగడ్డలు భర్త చేతికిచ్చింది.

"జెర మెల్లగ మాట్లాడు అత్తమ్మా. దొర రాత్రంత నిద్రపోలేదు. వాపు తగ్గాలంటే ఐసు పెట్టాలెనట."

"ఐసా! మా కాలంల కోడెకు వట్టలు గొట్టిచ్చి, ఇంత పసుపు పూసి, మళ్ల వారానికి నాగలి గట్టినం. అది సుత ఇన్ని నకరాలు పడలే."

"దొర జెర సుకుమారం. ముట్టుకుంటెనే మొత్తుకుంటుండు."

"కుక్కను పట్టుకొని మొత్తుకుంటుండు అంటవేందే?"

"మామ పెట్టిన పేరు గదా అత్తమ్మా. మర్యాద ఇయ్యాలె."

సంగమ్మ కోపం లీవు మీద కాదు. కొడుక్కి ఇద్దరూ ఆడపిల్లలే. ముడుపు కట్టింది మనవడి కోసం. రెండో కాన్పులో సునంద ఒంట్లో రక్తమంతా పోయి, చావు గడప దాకా వెళ్లి వచ్చింది. మళ్లీ కాన్పంటే ప్రాణాలకే ముప్పని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. డాక్టర్లు గట్లనే బెదిరిస్తరని సంగమ్మ కొట్టిపారేసింది. కోడలికి ఆపరేషన్ చేయించనని కొడుకు చేత తన నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుంది. తల్లి మీద వేసిన ఒట్టు తప్పే రకం కాదు సునీల్. ఆ సంగతి తెలిసిన సునందకు ఆనాటి నుంచి కంటి నిండా నిద్ర లేదు.

"నేనాడ వంశం నిలుపు తల్లీ అని మొక్కుతుంటె, నువ్వీడ నోరులేని జీవి వంశం ఆపుతవా? ఆ పాపం మనకు సుట్టుకోదా? ఇగ అమ్మవారు మనుమన్ని ఎట్లిస్తది?"

"పాపమంత నా మీదేసుకుంట తీయే," అన్నాడు సునీల్ పక్కకు ఒత్తిగిలుతూ.

సునంద నవ్వాపుకోలేక లోపలికి పోయింది. కోడలు నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో సంగమ్మకు గుర్తు లేదు.

మధ్యాహ్నం గ్యాస్ బండ వచ్చింది. సునంద ఒక్కతే దాన్ని గేటు నుంచి దొర్లించుకొచ్చింది. సునీల్ మంచం దిగలేదు.

"ఆడది బండ మోస్తుంటె సూసుకుంట పండినవా? ఈ ఇంట్ల ఇగ దొరలు ఇద్దరైండ్రు!" అంది సంగమ్మ.

"నేను లేస్తె ఇది సుత లేసి దుంకుతదే. బరువులు, దుంకుడు వద్దన్నడు డాక్టరు."

తిట్టింది గానీ, సాయంత్రానికి ఆమె మనసు కరిగింది. ఆస్పత్రి మంచం మీద తెల్లగా పాలిపోయిన కోడలి ముఖం గుర్తొచ్చింది. ఆనాడు బయట నిలబడి, మనవడూ వద్దు ఏమీ వద్దు, పిల్ల బతికితే చాలని ఏడ్చింది తనే. ఇంటికొచ్చాక ఆ మాట ఎట్లా మరిచిందో ఆమెకే తెలియదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, పటాన్‌చెరు నుంచి మేక కాళ్లు తెప్పించి కుక్క కోసం పాయ కాచింది.

తెల్లారి గిన్నె ఖాళీగా ఉంది.

"తాగిండా మీ దొర?"

"మొత్తం తాగి, బొక్కలు సుత జుర్రిండు అత్తమ్మా!"

"గంత తాగి మళ్ల ఆకలేందే దీనికి?" అంది సంగమ్మ. కుక్క ఆమె చీర కుచ్చిళ్లు పట్టి గుంజుతోంది.

సునీల్ స్నానానికి వెళ్లాడు. సునంద మిద్దె మీద బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తోంది. సంగమ్మ పసుపు, కొబ్బరినూనె కలుపుకుని అరుగు మీద కుక్క పక్కన చతికిలబడింది.

"తప్పయింది బిడ్డా. మావోడు నీకు అన్యాలం జేసిండు. ఏదీ, పుండు సూడనీ."

వెనక కాలు మెల్లగా ఎత్తింది. కళ్లజోడు తుడిచి పెట్టుకుని మళ్లీ చూసింది.

మిద్దె మీద నుంచి కోడలి గొంతు హుషారుగా వినబడింది: "అత్తమ్మా! దొరకు నొప్పి మొత్తం తగ్గిందట!"

కుక్కవి కుక్కకే ఉన్నాయి.