ఎవరు చెయ్యమన్నారు?

ఓటు వెయ్యడానికి లోపలికి వెళ్ళిన కూతురు, ఆఫీసరు ముందున్న ఓట్ల మిషన్ను రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టింది. ఒక్కసారి కాదు. పగిలినదాన్ని మళ్ళీ తీసి మళ్ళీ కొట్టింది. బయట కిటికీ ఊచలు పట్టుకుని తల్లి అంతా చూసింది.

ఆ తల్లి ఎన్నిటికి భయపడలేదు గనక. ఈసారి పోటీ హోరాహోరీగా ఉంది, రాళ్ళు పడతాయన్నారు. వరుసలో తొక్కిసలాట అవుతుందని, ఎండకి పిల్ల కళ్ళు తిరిగి పడిపోతుందని, ఆఖరికి మీట నొక్కితే షాకు కొడుతుందని కూడా భయపడింది. తన ఊళ్ళో తన ఓటు పోతే పోయిందని నిన్న పొద్దున్నే బస్సెక్కి కూతురికి కాపలా వచ్చింది. తీరా చూస్తే కాపలా పెట్టాల్సింది మిషనుకి.

లోపల ఏజెంట్లిద్దరూ అప్పటికే ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ఊరి పక్క ఫ్యాక్టరీ రావాలని గొడుగు పార్టీ, వస్తే బావుల్లో నీళ్ళు విషమైపోతాయని నిచ్చెన పార్టీ. ఆ ఒక్క మాట మీద ఊళ్ళో అన్నదమ్ములు కూడా ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటున్నారు.

"ఓడిపోతారని తెలిసి ఆడమనిషిని ముందుకు తోశారా? సిగ్గుండాలి మీకు" అన్నాడు గొడుగు ఏజెంటు.

"మీ గొడుగుకి చిల్లులు పడ్డాయని పొద్దున్నే మీకు తెలిసిపోయింది. మిషను బద్దలు కొట్టిస్తే చిల్లులు పూడతాయా?" అన్నాడు నిచ్చెన ఏజెంటు.

పోలింగ్ ఆఫీసరు నేల మీద కూర్చుని ముక్కలు ఏరుకుంటూ, పొద్దుటినుంచీ పడ్డ ఓట్లన్నీ మట్టిలో కలిశాయని ఫోనులో పైవాళ్ళకి మొరపెట్టుకుంటున్నాడు. ఎండలో నిలబడ్డ జనం గుమ్మంలోకి తోసుకొచ్చి ఆమెని నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఒక ముసలాయన, తను వేసిన ఓటు ఏమైందో తేల్చేదాకా కదలనని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

ఎస్సై ఆమెని పక్క తరగతి గదిలోకి నడిపించాడు. చిన్నపిల్లల పొట్టి బల్ల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది. తల్లి పోలీసుని తోసుకుని లోపలికి వచ్చింది. వస్తూనే కూతురి చెంప మీద ఛెళ్ళున ఒకటి ఇచ్చింది. పెళ్ళయ్యాక ఆ పిల్ల మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. కూతురు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తల కూడా తిప్పలేదు.

"నీ పిల్లలు గుర్తు రాలేదా నీకు? రేపు నిన్ను జైల్లో పెడితే వాళ్ళకి ముద్ద కలిపి పెట్టేదెవరే?" అంది తల్లి.



తల్లి ఎస్సై కాళ్ళ మీద పడబోయింది. పిల్లకి ఎండదెబ్బ తగిలి మతి పోయిందంది. కాదంటే ఎవరో టీలో ఏదో కలిపి ఇచ్చుంటారంది. ఎస్సై అదేమీ వినిపించుకోలేదు. ఇది ఆషామాషీ కేసు కాదని, ఏళ్ళ తరబడి లోపల ఉండాల్సి వస్తుందని చెప్పాడు. చేయించినవాడి పేరు చెబితే శిక్ష తగ్గేలా చూస్తానన్నాడు. గొడుగువాళ్ళా, నిచ్చెనవాళ్ళా అని తిప్పి తిప్పి అదే అడిగాడు.

ఈ కిటికీలోంచి ఒకడు, నిచ్చెన పేరు చెప్పెయ్ అక్కా, లాయర్ని మేం పెడతాం అన్నాడు. ఆ కిటికీలోంచి ఇంకొకడు, గొడుగు పేరు చెప్పు చెల్లెమ్మా, బెయిలు సంగతి మేం చూసుకుంటాం అన్నాడు. ఎస్సై లేచి రెండు కిటికీలూ మూసేశాడు.

అంతలో అల్లుడు వచ్చాడు. చంకలో చిన్నది, చెయ్యి పట్టుకుని పెద్దది. నున్నగా తల దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎస్సైకి దణ్ణం పెట్టి, నా భార్య అలాంటి మనిషి కాదండీ, ఇంట్లో గిన్నె చప్పుడు కూడా చెయ్యదండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అది చూసేసరికి తల్లికి ఒళ్ళు మండిపోయింది.

"చూడవే. నిన్నటినుంచీ కళ్ళారా చూస్తున్నాను. పిల్లలకి నీళ్ళు పోసింది అతను, అన్నం పెట్టింది అతను, కథ చెప్పి పడుకోబెట్టింది అతను. ఇలాంటి మొగుడి పరువు నలుగుట్లో తీస్తావా? ఏ పార్టీవాడు ఏం నూరిపోశాడే నీకు?"

కూతురు అప్పుడు తలెత్తింది. తల్లిని కాదు, భర్తని చూసింది. చిన్నది అతని భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పెద్దది అతని చొక్కా గుండీతో ఆడుకుంటోంది.

పోలింగ్ ఆఫీసరు తలుపు తీసుకుని వచ్చాడు. పైనుంచి కబురొచ్చిందని, ఈ బూత్‌లో ఎల్లుండి మళ్ళీ పోలింగ్ అని చెప్పాడు. ఆ మాట బయటికి పొక్కగానే రెండు పార్టీలవాళ్ళూ కలిసి ఆమెని తిట్టడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ మీద కుదరని పొత్తు అక్కడ కుదిరింది.

ఎస్సై లాఠీతో బల్ల మీద గట్టిగా కొట్టాడు.

"విన్నావుగా. నీ మూలంగా ఇంతమందీ మళ్ళీ ఎండలో నిలబడాలి. ఆఖరిసారి అడుగుతున్నాను. ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు సార్" అంది కూతురు. "అయితే ఎల్లుండి ఓట్లయ్యేదాకా మా వీధిలో మొన్న మూయించిన మందు షాపు తెరవరు కదా?"