రెండో గేటు ఎదుటి గది

బందరులో రైలు కదిలినా గాయత్రి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

ఆరేళ్ల దివ్యశ్రీకి పోయినేడు గుండెకు ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి మంచం మీద ఆ పిల్ల అడిగిన కోరిక ఒక్కటే, టీవీలో చూపించే ఆ పెద్ద పార్కుకు తీసుకెళ్లమని. అమ్మా నాన్నా మాటిచ్చారు. పిల్ల తేరుకుంది. ఇక భయం లేదన్నారు డాక్టరు. త్వరగా అలిసిపోతుంది, అంతే.

ఇప్పుడు పిల్లనీ, ఆమె మూడేళ్ల తమ్ముడు కళ్యాణ్‌నీ తీసుకుని హైదరాబాద్ బయల్దేరారు. ఎక్కడ దిగాలో మాత్రం ఇంకా తేలలేదు.

“ఈ రిసార్టు చూడు. స్విమ్మింగ్ పూల్ ఉంది, పొద్దున టిఫిన్ వాళ్లదే,” అన్నాడు భర్త దుర్గాశ్రీనివాస్. గిలకలదిండిలో బోటు ఇంజన్లు బాగుచేస్తాడతను.

“పార్కుకి పదిహేను కిలోమీటర్లంట బావా.”

“కారు పంపిస్తారంట.”

“చిన్నపిల్లలతో అంత దూరం వద్దమ్మా,” అన్న మాట వినిపించింది.

ఇద్దరూ తలెత్తారు. ఎదుటి సీటులో అరవై దాటిన పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో సంచి.

“పిల్లలు పొద్దున హుషారుగానే తిరుగుతారు. ఒంటిగంట అయ్యేసరికి కాళ్లు లాగేస్తాయి, ఏడుపు మొదలెడతారు. అప్పుడు నడిచెళ్లే దూరంలో గది ఉండాలి. రెండు గంటలు పడుకోబెట్టి సాయంత్రం మళ్లీ తీసుకెళ్లండి. ఎండా ఉండదు, లైన్లూ తగ్గుతాయి.”

“రిసార్టులో పూల్ ఉందండీ,” అన్నాడు శ్రీనివాస్ ముక్తసరిగా.

“సముద్రం పక్కన పుట్టిన పిల్లలకి పూల్ ఎందుకు బాబూ?”

గాయత్రికి నవ్వొచ్చింది. భర్త మొహం చూసి ఆపుకుంది.

పెద్దాయన చూపు దివ్యశ్రీ గౌను మెడ దగ్గర కనిపిస్తున్న గీత మీద పడింది.

“ఆపరేషన్ ఎప్పుడైందమ్మా?”

గాయత్రి చెప్పింది. ఆయన ఒళ్లోని సంచి వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఒక కాగితం మీద నంబరు రాసిచ్చాడు.

“పార్కు రెండో గేటు ఎదుట మార్తమ్మ గారని ఉన్నారు. నాలుగే గదులు. కింది గది అడగండి, పాపకి మెట్లు తప్పుతాయి.”

శ్రీనివాస్ భార్య చెవి దగ్గరికి వంగాడు. “ఆవిడ దగ్గర ఈయనకి కమీషన్ ఉంటది.”

అనుకున్నంత మెల్లగా రాలేదు ఆ మాట. పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు.

గుడివాడ వచ్చింది. ఆయన సంచి తీసుకుని లేచాడు.

“బాగా ఆడుకో తల్లీ,” అని పాప తల నిమిరాడు. శ్రీనివాస్ కాళ్లు పక్కకి జరిపాడే గాని పలకలేదు. గాయత్రి కూడా ఆయన పేరడగలేదు.

“హమ్మయ్య,” అన్నాడు శ్రీనివాస్.

బెజవాడ రాకముందే దివ్యశ్రీ తల్లి ఒళ్లోకి వాలి నిద్రపోయింది. ఎక్కింది మొదలు చేసిందేమీ లేదు, కిటికీలోంచి చూడటం తప్ప. గాయత్రి ఆ పిల్ల మొహం చూసి, కాగితం తీసి నంబరు నొక్కింది.

“కింది గది ఉందమ్మా, రండి,” అంది అవతలి గొంతు.

“నీ ఇష్టం,” అన్నాడు శ్రీనివాస్.

మొదటిరోజు ఒంటిగంట కొట్టేసరికి దివ్యశ్రీ కాళ్లు ఈడ్చింది. కళ్యాణ్ నేల మీద కూలబడి రాగం తీశాడు. రోడ్డు దాటితే గది. మార్తమ్మ పప్పన్నంలో నెయ్యి కలిపి పెట్టి, ఆపరేషన్ సంగతి విని, పాప తల మీద చెయ్యి ఉంచి కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. ఆవిడది దివిసీమ. పిల్లలిద్దరూ నాలుగింటిదాకా ఒళ్లెరగకుండా పడుకున్నారు.

సాయంత్రం మళ్లీ పార్కుకి వెళ్లేసరికి ఎండ దిగింది. దూరం నుంచి వచ్చినవాళ్లు ఏడ్చే పిల్లల్ని భుజాన వేసుకుని బయటకి నడుస్తున్నారు.

రెండోరోజు ఒంటిగంటకి శ్రీనివాసే వాచీ చూసుకున్నాడు. “పదండి, పిల్లలు పడుకునే టైమైంది.”

మూడోరోజు సాయంత్రం గుర్రాల రంగులరాట్నం మీద నుంచి దివ్యశ్రీ రెండు చేతులూ ఊపుతూ పగలబడి నవ్వింది. ఆసుపత్రికి వెళ్లిన దగ్గర్నుంచి ఆ నవ్వు వాళ్లు వినలేదు. శ్రీనివాస్ అటు తిరిగి కర్చీఫుతో మొహం తుడుచుకున్నాడు. గాయత్రి చూడనట్టు ఊరుకుంది.

బయల్దేరే పొద్దున అతనే మార్తమ్మ దగ్గరికి వెళ్లాడు.

“మీ నంబరిచ్చిన పెద్దాయన ఇల్లెక్కడో చెప్పండమ్మా. వెళ్లి కలవాలి. కమీషన్ కోసం చెబుతున్నాడని రైల్లో తప్పు మాటన్నాను.”

“రాజారత్నం గారికి కమీషనా?” మార్తమ్మ నవ్వింది. “ఆ పార్కులో పిల్లల రైలుబండి ఇరవై రెండేళ్లు నడిపారు బాబూ ఆయన. మధ్యాహ్నం ఆ పెట్టెల్లో నిద్రపోయిన పిల్లల్ని ఎంతమందిని ఎత్తుకుని దింపారో. రిటైరయ్యాక బందరు వెళ్లిపోయారు. ఏటా ఈ వారంలో పాతవాళ్లంతా ఇక్కడ కలుస్తారు. ఆ రోజు ఆయన చేత మళ్లీ ఆ బండి నడిపిస్తారు. దానికోసం ఏడాదంతా ఎదురుచూస్తారు.”

“మరి ఈసారి గుడివాడలోనే దిగిపోయారే?” అంది గాయత్రి.

మార్తమ్మ ఆమె చేతిలోంచి గది తాళంచెవి అందుకుంది.

“ఆయనకి ఇక్కడ దిగే చోటు ఇదొక్కటేనమ్మా, మిగతా మూడు గదులూ ముందే నిండిపోయాయి. ఆ గుడివాడ స్టేషన్ నుంచే ఫోన్ చేశారు, ‘గుండె ఆపరేషనైన పాప వస్తోంది మార్తమ్మా, వాళ్లు అడిగితే నా గది ఇచ్చెయ్యి, నేను తిరుగుబండి ఎక్కేస్తున్నాను’ అని.”