మిస్పా రాయి

“మిస్పా అనేది హెబ్రీ మాటమ్మా. కావలి కాసే చోటని అర్థం. యాల అడగతాండావు?” అంది వసంతమ్మ టీచరు. పుంగనూరులో బస్సెక్కి జయమ్మ పక్కనే కూర్చుంది.

“మా తోడికోడలు పూలమ్మక్క ఇప్పుడు చర్చికి పోతాండాది గదా. మా చేన్ల నడిమి రాళ్లకుప్ప మీద సున్నంతో ఆ పేరు రాసిపెట్టింది. అది ఊరి పేరంట గదా టీచరమ్మా?”

“ఊరికి తరవాత. మొదట ఆ పేరు పెట్టింది రాళ్లకుప్పకే. మామా అల్లుడూ కొట్లాడుకోని రాళ్లు కుప్పేసినారు. ‘ఇది దాటి నేను నీమీదికి రాను, నువ్వు నామీదికి రావద్దు, నడిమిన దేవుడే కావలి’ అనుకున్నారు. అంతే కాదు...”

తక్కిన కథ వినే ఓపిక జయమ్మకు లేదు. స్టేజీ రాగానే విసవిసా దిగిపోయింది.

భాగాలు పంచుకున్నాక ఇద్దరికీ మాటల్లేవు, సరే. ఇంట్లో రేడియో తప్ప పలికే మనిషి లేదు, అదీ సరే. రోజూ మధ్యాహ్నం అక్క ఆ కుప్ప దగ్గరే క్యారియరు పెట్టుకుని కూర్చుంటుంటే అలవాటేమో అనుకుంది. కాదన్నమాట. తానెక్కడ రాయి జరుపుతుందోనని కావలి!

ఇంటికి కూడా పోకుండా నేరుగా చేనికే నడిచింది. పూలమ్మ అక్కడే ఉంది.

“నేనేమన్నా దొంగనా అక్కా? నీ చేన్లో ఎప్పుడన్నా కాలు పెట్టినానా? యాల ఈ రాత?”

పూలమ్మ తలెత్తింది. “అర్థం యెవురు చెప్పినారు?”

“వసంతమ్మ టీచరు. దాటొద్దనే గదా రాసినావు. దాటనులే. ఆ పక్క నువ్వొకదానివే ఉండు, ఈ పక్క నేనొకదాన్నే సస్తా.”

ఆ మాట అనేసరికి ఆమెకే ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పూలమ్మ క్యారియరు మూత తీసి, సంగటి ముద్దను రెండుగా తుంచింది.

“కథ నడిమిలోనే లేసొచ్చేసుంటావు మే నువ్వు. ఆ కుప్ప మీదనే కూసోని ఇద్దురూ అన్నం తిన్నారంట. నోటితో పిలిస్తే వస్తావో రావో అని పేరు రాసినా.”

సగం ముద్ద ఒక పళ్లెంలో పెట్టి రాళ్ల మీదుగా ఇటు జరిపింది.

“దినామూ రెండు తట్టలు తెస్తాండా.”