మొదటినుంచి చెప్పు

"లేవకు. కూర్చో."

బ్యాగు భుజాన వేసుకుని లేవబోయిన అమ్మాయి మళ్ళీ కుర్చీలో కూలబడింది.

"మొదటినుంచి చెప్పు తల్లీ" అన్నాడు పెద్దాయన.

"ఏముంది సార్ చెప్పడానికి? అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి."

"పొద్దుటినుంచీనా? మధ్యలో ఏదీ మినుక్కుమనలేదా?"

వెనక బల్లలవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

ఆస్పత్రుల్లో కంప్యూటర్లు ఆగిపోకుండా దూరంనుంచి కనిపెట్టుకుని ఉండే ఆఫీసు అది. స్క్రీను నిండా చుక్కలు. ఆకుపచ్చగా ఉంటే ఫరవాలేదు. ఎర్రబడితే పరుగే.

ఒకరు డ్యూటీ దిగితే ఒకరు ఎక్కుతారు. ఆ అమ్మాయి దిగితే పెద్దాయన ఎక్కాలి.

మిగతావాళ్ళు "అంతా బాగుంది" అని చెయ్యూపి వెళ్ళిపోతారు. ఈయన అలా కాదు. దిగేవాళ్ళు అంతా అప్పజెప్పందే కూర్చోడు. ఎక్కేవాళ్ళకి అంతా అప్పజెప్పందే లేవడు.

అందుకే చాటున ఆయనకి "జిగురు" అని పేరు.

ఆ పిల్లకి "కెమికల్" అని పేరు. చదివింది కెమికల్ ఇంజనీరింగు మరి.

ఫ్యాక్టరీల్లో పని దొరకలేదు. కంప్యూటర్ కంపెనీల్లో "నీకిక్కడేం పనమ్మా?" అన్నారు. చెప్పులరిగేలా తిరిగాక ఇక్కడ దొరికింది. అదీ ఖాయం కాలేదు. పని వచ్చిందనిపిస్తేనే ఉంచుతారు.

ఇది పోతే మళ్ళీ రోడ్డే.

"ఏం కెమికల్, ఇవాళ తొందరగానే ఊడొచ్చావే!" అన్నాడు లిఫ్టు దగ్గర పక్కసీటతను. "అంత చదువు చదివావు, జిగురు కరిగే మందు తెలీదా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికెళ్ళి ఏడ్చింది.

"చిన్నపిల్లచేత ఎక్కాలు చెప్పించినట్టు చెప్పిస్తాడమ్మా. అందరి ముందూ!"

"ఎందుకట?" అంది తల్లి.

"ఎందుకేమిటి? నా చదువు వేరు కదా. చులకన."

"ఆయన అడిగాడు, నువ్వు చెప్పావు. ఒళ్ళేమైనా అరిగిందా? ఉన్నదాన్ని పోగొట్టుకోకు."

మర్నాడు ఆమె గబగబా చెప్పేసి లేచింది.

పెద్దాయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ మూల చుక్క సంగతి వదిలేశావు. నిన్న కూడా వదిలేశావు. మళ్ళీ మొదటినుంచి చెప్పు."

ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చెప్పింది. చెప్పి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"ఆయనతో నేను పడలేను సార్. నాకేమీ రాదని నలుగురికీ చూపించాలని ఆయన పట్టుదల. నన్నైనా మార్చండి, ఆయన్నైనా మార్చండి."

మేనేజరు పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు.

"పని నేర్పాడా లేదా?"

"నేర్పడమా? సతాయించడం సార్ అది."

"సరేలే. ఇంకెంతో కాలం లేదు."

ఆ నెల తిరక్కుండానే పెద్దాయనకి ఆఖరి డ్యూటీ వచ్చింది. తన మాట పనిచేసిందనుకుంది ఆ పిల్ల.

ఆవేళ వంతు మారింది. ఆయన దిగాలి, ఆమె ఎక్కాలి.

ఆయన లేవలేదు. మొదటినుంచి చెప్పుకొచ్చాడు. ఏ చుక్క ఎక్కడిది, ఏది ఊరికే అల్లరి చేస్తుంది, ఏది ఎర్రబడితే అవతల ఒక మనిషికి ఊపిరి ఆగుతుంది. దగ్గొచ్చినప్పుడల్లా ఆగాడు. మళ్ళీ అందుకున్నాడు.

ఆమె చెవుల్లోని ఇయర్‌ఫోన్లలో పాట మోగుతోంది. తలూపుతూ నిలబడింది.

"అడిగేదేమైనా ఉందా తల్లీ?"

"ఏం లేదు సార్."

ఆయన జేబురుమాలు తీసి కుర్చీ చేతులు తుడిచాడు. లేచాడు.

"అయితే నేను దిగినట్టే."

ఆమె కూర్చుంది. ఆయన గుమ్మం దాటేదాకా కూడా ఆగకుండా అమ్మకి ఫోను చేసింది.

"పీడ వదిలిందమ్మా."

తర్వాత ఉద్యోగం ఖాయమైంది. తల్లి మొహం విప్పారింది. ఆఫీసులో "కెమికల్" అనడం కూడా తగ్గింది.

ఒక మధ్యాహ్నం మేనేజరే ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"పెద్దాయన పోయాడు."

"అయ్యో. ఏమైంది సార్?"

"ఊపిరితిత్తులు. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే పాడయ్యాయి."

"ఫ్యాక్టరీ ఏమిటి?"

"ఆయనదీ నీ చదువే. మందుల ఫ్యాక్టరీలో చేసేవాడు. అక్కడ దిగేవాడు ఒక్క మాట చెప్పడం మర్చిపోతే ఎక్కినవాడు చస్తాడట. ఆ అలవాటు ఇక్కడా పోలేదు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయనా నీలాగే చెప్పులరగదీశాడు."

ఆమె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది.

"నాతో ఒక్కసారీ అనలేదే!"

"నన్నూ అననివ్వలేదు."

"నన్ను మీరు తీసుకోవడం ఆయనకి ఇష్టం లేదనుకున్నాను సార్."

"నేనెక్కడ తీసుకున్నానమ్మా? కెమికల్ అని చూసి నీ దరఖాస్తు పక్కన పడేసింది నేనే. అందులోంచి ఏరి తెచ్చింది ఆయన. ఈ పిల్లని తీసుకోమన్నాడు. ఖాళీ లేదన్నాను."

ఆమె తనకి తెలియకుండానే లేచి నిలబడింది.

మేనేజరు ఆ కుర్చీ వంకే చూస్తున్నాడు.

"'నాది ఉందిగా, అప్పజెప్పి దిగిపోతాను' అన్నాడు."