ఎర్ర దారం

"తెంపేయండి సార్! గాలం ఇరుక్కుంది, తాడు తెంపేయండి!" బోటు డ్రైవరు స్టీరింగు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఉండవయ్యా, పెద్ద చేపేమో!" టైలరమ్మ తమ్ముడు పళ్ళు బిగించి లాగుతూనే ఉన్నాడు.

"చేపయితే కొట్టుకుంటుంది సార్. ఇది కదలట్లేదు. మా ఓనరుకి తెలిస్తే నా తోలు తీస్తాడు. అసలు ఈ పాయింటుకి పార్టీల్ని తేవద్దన్నాడు. ఆయన జ్వరమొచ్చి పడుకున్నాడు, మీకేమో 'మార్చి మూడు'లోనూ పడలేదు, 'జూన్ పదకొండు'లోనూ పడలేదు. పాపమని తెచ్చాను."

ఓనరు చేపలు దొరికిన చోట్లకి పేర్లు పెట్టడు. ఏ రోజు కనిపెడితే ఆ తేదీయే దాని పేరు. పొద్దుటినుంచి ఆ తేదీలు వినీ వినీ టైలరమ్మకి నవ్వొస్తోంది. ఆమెని కాస్త నవ్విద్దామనే తమ్ముడు ఈ పూటకి బోటు మాట్లాడాడు. వద్దన్నా వినకుండా అత్తగారూ ఎక్కి కూర్చుంది. ఇక్కడికొచ్చిన అరగంటలోనే బుట్ట నిండిపోయింది.

"ఇక్కడే ఇన్ని చేపలెందుకున్నాయి బాబూ?" అంది అత్తగారు.

"కింద ఏదో మునిగి ఉంటుంది మామ్మగారూ. చేపలకి అదే ఇల్లు. అలాంటి చోటు దొరికితే బోటువాడికి బంగారు గనే. కన్నబిడ్డకి కూడా చెప్పడు."

అంతలో బరువు ఒక్కసారిగా వదిలింది. తమ్ముడు వెల్లకిలా పడ్డాడు. గాలానికి తగులుకుని చిరిగిన పడవ పరదా ముక్క ఒకటి పైకొచ్చింది, ఒళ్ళంతా నాచుతో.

"అబ్బో, పెద్ద చేపే! అవతల పారెయ్యండి సార్," అన్నాడు డ్రైవరు.

తమ్ముడు పారేయబోతుంటే టైలరమ్మ దాని అంచు పట్టుకుంది. పన్నెండేళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి, గుడ్డ కనిపిస్తే ముందు కుట్టు చూస్తుంది. బొటనవేలితో నాచు గీకింది. జంట కుట్టు, నీలం నైలాను దారం. మూల దగ్గర నీలం ఆగిపోయి, చివరి జానెడూ ఎర్ర దారం.

"అత్తయ్యా..." అంది. ఆ మూలని ఆవిడ ముందుకి చాపింది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. "నీలం అయిపోయిందని ఎర్రది వేశావు. ఒక్క పూట ఆగలేవా అని నేను నిన్ను సాధించాను. వాడేమో, 'ఉండనీవే అమ్మా, నా పడవ ఎక్కడున్నా నా పెళ్ళాం గుర్తుపడుతుంది' అన్నాడు." ముసలావిడ ఆ గుడ్డని గుండెకి అదుముకుంది. "ఆగస్టు పంతొమ్మిదిన ఈ పరదా కిందే కూర్చుని వెళ్ళాడే నా తండ్రి."

రెండేళ్ళయింది. పడవ అమ్ముకుని ఎవత్తెతోనో పోయాడని ఊరంతా అంది. లోకం నోటికి మూత పెట్టలేం సరే, టైలరమ్మ తన నోటికైనా పెట్టుకోలేదు. 'వదిలేసి పోయినవాడి పేరు నా ఇంట్లో ఎత్తకండి' అని అత్తగారి మీద ఎన్నిసార్లు విరుచుకుపడిందో. అతని చొక్కాలన్నీ కత్తిరించి మిషను తుడుచుకునే గుడ్డలు చేసింది. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు. ఒడ్డుకి గంట దూరంలో, ఈ నీళ్ళ కిందే ఉన్నాడు. సిగ్గుతో, దుఃఖంతో ఆమె మొహం కప్పుకుని ఏడ్చింది.

"ఊరుకో అక్కా," అంటూ తమ్ముడు ఆమె భుజం పట్టుకున్నాడు.

"ముందు ఓనరు అన్నయ్యకి చెప్పాలిరా," అంది వెక్కుతూ. "పదిహేను రోజులు వెతికాడు పాపం. మా ఆయన రాకపోయేసరికి మర్నాడే బయల్దేరాడు. ఆ మొదటి రోజు 'నువ్వు చూడలేవులే' అని నన్ను రానివ్వకుండా ఒక్కడే వెళ్ళాడు. తర్వాత రోజూ నన్ను ఈ బల్ల మీదే కూర్చోబెట్టుకుని ఉత్తరం వైపంతా గాలించాడు. 'మునిగి ఉంటే నా కంట పడకపోతుందా చెల్లెమ్మా, వాడే ఎటో వెళ్ళిపోయుంటాడు' అని నాతోపాటు ఏడ్చాడు. ఇలా దక్షిణానికి రావాలని ఆయనకి తట్టనే లేదు."

"మేడమ్, నేను చేరి ఆరు నెలలే," అన్నాడు డ్రైవరు చేతులు కట్టుకుని. "నాకివేవీ తెలియవు."

అత్తగారు మెల్లగా తలెత్తింది. ఆవిడ కళ్ళలో తడి లేదు.

"ఈ పాయింటు పేరేమిటి బాబూ?"

డ్రైవరు వెళ్ళి, పాయింట్లన్నీ దాచి ఉంచే జీపీఎస్ తెర మీద చూశాడు. చెప్పేటప్పుడు వెనక్కి తిరగలేదు.

"ఆగస్టు ఇరవై, మామ్మగారూ. రెండేళ్ళ కిందటిది."